రోజూ తిప్పి చూసే బండి

ఫిబ్రవరి 8, ఆదివారం

కారులో ఎర్ర లైటు వెలిగింది. బ్యాటరీ బొమ్మ. కూరగాయలు తెచ్చి ఇంటి ముందు ఆపబోతుంటే వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మూలిగి మూలిగి అంటుకుంది.

ఇంకెప్పుడు వెలిగినా ఇంత కంగారు పడేదాన్ని కాదు. చెల్లి వచ్చి వారమైంది. ఎనిమిదో నెల. వాళ్ళాయన ఓడ మీద ఉద్యోగంలో ఉన్నాడు, కాన్పు అయ్యాక గానీ దిగడు. హాస్పిటల్ ఊరికి అవతలి చివర. మా పంప్‌హౌస్ క్వార్టర్స్ ఊరికి ఇవతల, రిజర్వాయర్ గట్టు కింద. మధ్యలో రైల్వే గేటు. టాక్సీవాళ్ళని ఇక్కడికి రమ్మంటే దారి మొత్తం అడిగి, ఆ తర్వాత ఫోన్ పెట్టేస్తారు.

అంబులెన్స్ మాట చెల్లి దగ్గర ఎత్తకూడదు. కిందటేడు తనుండే ఊళ్ళో నొప్పులు మొదలైతే అంబులెన్స్‌కి ఫోన్ చేశారు. వస్తోంది, వస్తోంది అన్నారట. వచ్చేసరికి ఆలస్యమైంది. బాబు పుట్టాడు. ఏడవలేదు. ఈసారి అక్క కారులోనే వెళ్తాను, ఇంకెవర్నీ నమ్మనని బ్యాగులు సర్దుకుని మరీ వచ్చింది.

నన్ను నమ్ముకుని వచ్చింది. నా కారుని నమ్ముకుని వచ్చింది. ఆ కారేమో మూలుగుతోంది.

మా ఆయనతో చెప్తే పాత బండి కదా, దానికీ ఒళ్ళు నొప్పులుంటాయిలే అన్నాడు. జోకు బాగుంది గానీ నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఎర్ర లైటుకి తోడు పసుపు లైట్లు మొదలయ్యాయి. బ్రేకుల బొమ్మ, ఎయిర్‌బ్యాగ్ బొమ్మ, స్టీరింగ్ బొమ్మ. ఒక్కోసారి అన్నీ. ఒక్కోసారి ఏదీ లేదు. ఏదీ లేనప్పుడే ఎక్కువ భయమేస్తోంది.

రాత్రి భోజనాల దగ్గర మామయ్యగారు తీర్మానం చేశారు. కాన్పు రోజు వచ్చేదాకా బండిని బయటికి తియ్యొద్దు, రోడ్ల మీద తిప్పితే ఉన్న ప్రాణం కూడా పోతుంది, దాన్ని స్టాండ్‌బైలో పెట్టండి అన్నారు. మా ఇంట్లో ఆ మాటకి ఎదురు లేదు. పంప్‌హౌస్‌లో మూడు మోటార్లు. రెండు నడుస్తాయి, మూడోది స్టాండ్‌బై. ఎవరు షిఫ్టు ఎక్కినా మొదట చేసే పని దాన్ని రెండు నిమిషాలు తిప్పి ఆపెయ్యడం. మామయ్యగారు జీవితమంతా ఆ పనే చేశారు, కొడుక్కి నేర్పారు, ఆయన నాకు నేర్పాడు. ఇప్పుడు నేనూ అక్కడే ఆపరేటర్ని. తిప్పని మోటారునీ తిట్టని అత్తనీ నమ్మకూడదమ్మాయ్ అంటుంటారు మామయ్యగారు. పాపం అత్తయ్యగారు ఉన్నన్నాళ్ళూ తిట్టేవారు, నమ్మదగిన మనిషి.

సరే, నా వంతు నేను చేస్తాను. బండి కదపను. రోజూ తిప్పి చూస్తాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఊళ్ళోంచి ఆటో ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అందరూ కరెంటు డాక్టరంటారు. ఆయన కూడా అలాగే పరిచయం చేసుకుంటాడు. బానెట్ ఎత్తి, దీనికి ఎప్పట్నుంచమ్మా అని అడిగాడు. జ్వరం సంగతి చెప్పినట్టు అంతా చెప్పాను. మీటరు పెట్టి చూసి పెదవి విరిచాడు. బ్యాటరీ ముసలిదైపోయింది, దీనికి ఇక మందు లేదు, మార్చెయ్యాలన్నాడు. మార్చాడు.

రోజూ స్టార్ట్ చేస్తున్నారా, ఊరికే పడుకోబెట్టారా అని అడిగాడు. రోజూ చేస్తున్నానని చెప్పాను. శభాష్, మీలాంటి ఓనర్లుంటే మాకు పని తక్కువన్నాడు. లోపలికొచ్చి ఆ సర్టిఫికెట్టు సంగతి మా ఆయనకి రెండుసార్లు చెప్పాను.

ఫిబ్రవరి 14, శనివారం

ఒక్క లైటూ లేదు. చెల్లి రెండు పూటలా కడుపునిండా తింది.

ఫిబ్రవరి 21, శనివారం

మళ్ళీ మూలిగింది.

కొత్త బ్యాటరీ. పట్టుమని పది రోజులు కాలేదు. పొద్దున డ్యూటీకి వెళ్ళబోతూ తాళం తిప్పాను. ఎర్ర లైటు. పసుపు లైట్లు. ఊపిరి బిగపట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఒక్కోటీ ఆరింది. ఎయిర్‌బ్యాగ్‌ది మాత్రం ఎంతకీ ఆరలేదు. అప్పుడే చెల్లి అరుగు మీదికొచ్చింది. అద్దం తుడుస్తున్నట్టు నటించాను. ఇన్నిసార్లు తుడుస్తున్నావు, అరిగిపోతుందేమో అక్కా అంది. నవ్వాను. నా నవ్వు నాకే ఎబ్బెట్టుగా వినిపించింది.

డ్యూటీలో ఉన్నానన్నమాటే గానీ మనసంతా ఇంటి ముందు ఉంది. ఇప్పుడు స్టార్ట్ అవుతుందా? ఇప్పుడు? రిజర్వాయర్ లెవెల్ రాయాల్సిన చోట నిన్నటి అంకె రాసేశాను, ఫిట్టర్ చూసి చెప్పాడు కాబట్టి సరిపోయింది. అన్నానికి ఇంటికి వెళ్ళి మళ్ళీ తిప్పి చూశాను. అంటుకుంది. ఓ గంట ధైర్యం. సాయంత్రం మళ్ళీ మామూలే. గొళ్ళెం పెట్టామా లేదా అని మాటిమాటికీ లేచి చూసేవాళ్ళని వెక్కిరించేదాన్ని. నాకు తగిన శాస్తి జరిగింది.

ఫిబ్రవరి 24, మంగళవారం

కరెంటు డాక్టరు మళ్ళీ వచ్చాడు. బ్యాటరీ ఖాళీ అయిపోయిందన్నాడు. ఎక్కడో కరెంటు లీకవుతోంది, దొంగ లోపలే ఉన్నాడు, పట్టుకుంటానన్నాడు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి మీటరు చూశాడు. సీట్ల కింద దూరాడు. రేడియో ఊడదీశాడు, డోర్ లాక్ వైర్లు ఊడదీశాడు. బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ బంగారంలా ఉందన్నాడు. లీకు లేదు. చివరికి బ్యాటరీ ఛార్జింగ్‌కి తీసుకెళ్ళి తెచ్చి బిగించి, అంతా బాగానే ఉందమ్మా, ఎందుకిలా అవుతోందో మాత్రం తెలియట్లేదని తల గోక్కున్నాడు.

అక్కడే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఏదో ఒకటి పాడైందంటే బాగుండేది. కిందటేడు చెల్లికీ ఇదే మాట చెప్పారు. రిపోర్టులన్నీ నార్మల్, ఎందుకిలా జరిగిందో తెలియట్లేదని.

చెల్లి కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఏమన్నాడక్కా అని అడిగింది. ఏదో వైరు వదులైందట, బిగించాడని చెప్పాను. అబద్ధం ఆడటం నాకు చేతకాదు. దానికి నమ్మినట్టు నటించడం బాగా చేతనవును.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఈ పూట తాళం తిప్పితే ఎర్ర లైటు వెలగలేదు. అసలు వెలగలేదు. ఎగిరి గంతేసినంత పని చేశాను. అంతలో అనుమానం వచ్చింది. తాళం తిప్పగానే ముందు వెలిగి తర్వాత ఆరాలి కదా. దగ్గరగా చూస్తే ఆ చోట నల్లగా ఏదో మెరుస్తోంది. గోటితో గీకాను. టేపు. వైర్లకి చుట్టే నల్ల టేపు, చిన్న ముక్క, గుండ్రంగా కత్తిరించి అంటించారు. దాని కింద ఎర్రగా వెలుగుతూనే ఉంది.

మా ఆయన పని. ఇంట్లోకి వెళ్ళి దులిపేశాను. పంప్‌హౌస్‌లో ప్రెషర్ గేజ్‌కి కూడా బొట్టుబిళ్ళ పెట్టేసి రండి, హాయిగా నిద్రపోదామన్నాను. చెల్లి చూస్తే బీపీ పెరుగుతుందని చేశానన్నాడు. చెల్లి కారు నడుపుతుందా, నేను కదా నడిపేది, నా కళ్ళకి గంతలు కడతారా అని అరిచాను. ఆయన మంచం మీద కూర్చుని, నాకూ భయమేనే అన్నాడు. పెళ్ళైనప్పట్నుంచీ ఆయన నోట ఆ మాట వినలేదు. మోటారు పేలి షెడ్డు కప్పు లేచిపోయిన రోజు కూడా అనలేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. పక్కన కూర్చున్నాను.

టేపు పీకేశాను.

మార్చి 1, ఆదివారం

రెండుసార్లు తిప్పితే గానీ అంటుకోలేదు. ఎవరికీ చెప్పలేదు.

మార్చి 5, గురువారం

దొంగ దొరికాడు. ఎలా రాయాలో తెలియట్లేదు.

కళ్ళజోడు మరిచిపోయానని డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చాను. గట్టు దిగుతుంటే కారు స్టార్టర్ చప్పుడు. నా కారే. ఆ మూలుగు నాకు తెలియనిదా! పరుగున వెళ్ళి చూస్తే డ్రైవర్ సీట్లో మామయ్యగారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, లైట్లు ఒక్కొక్కటీ ఆరుతుంటే పెదవులు కదుపుతూ చూస్తున్నారు. నన్ను చూసి బెల్లం దొంగిలించిన పిల్లాడిలా అయిపోయారు.

ఏంటి మామయ్యగారూ ఇది అంటే, ఊరికే అమ్మాయ్, స్టాండ్‌బై కదా, ఒకసారి తిప్పి చూశానన్నారు. ఒక్కసారేనా అని అడిగాను. పొద్దున టీ తాగాక ఒకసారి. భోజనానికి ముందు ఒకసారి. సాయంత్రం మనసు ఊరుకోకపోతే ఇంకోసారి. నువ్వు కంగారు పడతావని చెప్పలేదన్నారు.

అప్పుడే మా ఆయన వచ్చాడు. సంగతి విని నిలువునా నీరైపోయాడు. డ్యూటీకి వెళ్ళేముందూ, వచ్చాకా, తనూ తిప్పి చూస్తున్నాడట. తాళం తలుపు వెనక మేకుకే ఉంటుంది కదా, ఎవరు తీశారో ఎవరికి తెలుస్తుంది? నేనెన్నిసార్లు తిప్పుతున్నానో నేను చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంతలో చెల్లి నడుం మీద చెయ్యేసుకుని గుమ్మంలోకొచ్చింది. మధ్యాహ్నం మామయ్యగారు కునుకు తీస్తుంటే తనూ వెళ్ళి కూర్చుంటోందట. స్టార్ట్ చెయ్యడం రాదు కాబట్టి ఊరికే తాళం సగం తిప్పి, లైట్లు చూస్తూ కూర్చుంటుందట. ఆరుతాయేమోనని. ఇంజిన్ నడవకపోతే అవి ఆరవని దానికెవరు చెప్పారు? పాపం, ఒక్కతే ఎంతసేపు చూసిందో.

ముందు మామయ్యగారికి నవ్వొచ్చింది. ఆయన్ని చూసి చెల్లికి. కడుపు పట్టుకుని, వద్దు మామయ్యగారూ, నవ్వించకండి, ఇక్కడే కనేస్తానంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా ఇంట్లో అందరూ దొంగలే.

నేను మాత్రం నవ్వలేకపోయాను. పంప్‌హౌస్‌లో మోటారుకి కరెంటు లైన్లోంచి వస్తుంది, ఎన్నిసార్లు తిప్పినా తరగదు. కారుకి ఉన్నది ఓ చిన్న బ్యాటరీ. దాంతో ఇంజిన్ తిప్పి, నాలుగు మైళ్ళు నడిపితే తిరిగి నిండుతుంది. మేం నడపలేదు. ఒకరి తర్వాత ఒకరం వచ్చి తలా ఓ చెంబు తోడుకుపోయాం, తొట్టిలో ఒక్క చుక్క పొయ్యలేదు. రోజంతా ట్యాంకుల లెవెల్ చూసే మనుషులం. మాకు తట్టలేదు. చెల్లి కోసం కాపాడుకుంటున్నాం అనుకున్నదాన్ని మేమే చంపుతున్నాం.

మార్చి 6, శుక్రవారం

కరెంటు డాక్టరు విని రెండు చేతులూ జోడించాడు. వైర్లన్నీ వెతికానమ్మా, మనుషుల్ని వెతకాలని తోచలేదన్నాడు. తర్వాత నవ్వు మాని అసలు సంగతి చెప్పాడు. ఈ బ్యాటరీని రెండుసార్లు పిండేశారు, ఛార్జ్ చేశాను గానీ దీని మాట నమ్మలేం. రోజూ దూరం నడపండి. బుధవారం నాటికి సిటీ నుంచి కొత్తది తెప్పించి వేస్తానన్నాడు.

కాన్పుకి ఇంకా మూడు వారాల పైనే టైముందిలే అన్నాడు మా ఆయన. అలాంటి మాటలు పైకి అనకూడదని ఈయనకి ఎప్పుడు తెలుస్తుందో.

మార్చి 8, ఆదివారం

చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని హాస్పిటల్ దాకా వెళ్ళి వచ్చాను. ఒక్క లైటూ లేదు. చెల్లి కిటికీ దించి పాట పాడింది. నేను రోడ్డుకంటే డ్యాష్‌బోర్డే ఎక్కువ చూశాను. చూసి నడుపు తల్లీ, లైట్లు లేకపోయినా లారీలున్నాయంది.

ఇంటికొచ్చాక ఎవరూ బండి ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఉండటం ఇంత కష్టమా! మామయ్యగారు అరుగు మీద కూర్చుని దానికేసి చూస్తుంటారు. మా ఆయన చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి లోపలికొస్తాడు.

మార్చి 9, సోమవారం

ఫిట్టర్ సెలవు, ఆ డ్యూటీ కూడా నామీదే పడింది. బండి తియ్యలేదు. రేపు తియ్యాలి.

మార్చి 10, మంగళవారం, హాస్పిటల్ వరండా, సాయంత్రం

ఇప్పుడే రాస్తాను. రాయకపోతే ఇవాళ్టి భయం ఎటు పోతుంది?

పొద్దున టిఫిన్ తింటూ చెల్లి ప్లేటు పక్కన పెట్టేసింది. అక్కా అంది. కింద చూస్తే నేలంతా తడి. ఉమ్మనీరు పోయింది. మూడు వారాల ముందే. పంప్‌హౌస్‌కి ఫోన్ చేసి ఆయన్ని రమ్మన్నాను. చెల్లిని వెనక సీట్లో పడుకోబెట్టాను. తాళం తిప్పాను.

టిక్. అంతే. లైట్లన్నీ ఒక్కసారి వెలిగి కళ్ళు మూసుకున్నట్టు మసకబారాయి. మళ్ళీ తిప్పాను. టిక్.

చెల్లి ఏడిచినా, తిట్టినా తట్టుకునేదాన్ని. అద్దంలో చూస్తే దాని ముఖం కిందటేడు హాస్పిటల్ మంచం మీద చూసిన ముఖం. భగవంతుడా, నన్ను నమ్ముకుని వచ్చిందిరా అని పైకే అరిచాను.

మామయ్యగారు అప్పటికే వెనక భుజం ఆనించారు. సెకండ్ గేరు వెయ్యి, క్లచ్ తొక్కిపట్టు, నేను చెప్పినప్పుడు వదులు అని కేక. గట్టు మీంచి మా ఆయన, ఇద్దరు హెల్పర్లు దూకుతూ వచ్చారు. క్వార్టర్స్ నుంచి మెయిన్ రోడ్డు దాకా దిగుడు, అదొక్కటే మా అదృష్టం. బండి కదిలింది. వదలమన్నారు, వదిలాను, ఒక్క కుదుపు కుదిపి ఊరుకుంది. ఇంకా తోశారు. మళ్ళీ కుదుపు, మళ్ళీ ఏం లేదు. దిగుడు అయిపోవస్తోంది, కల్వర్టు కనిపిస్తోంది, అది దాటితే ఎగువే. మామయ్యగారి కేక మళ్ళీ వినిపించింది. వదిలాను. దగ్గింది. ఇంకోసారి దగ్గింది. అంటుకుంది.

మా ఆయన పరుగెత్తుతూనే తలుపు తీసుకుని ఎక్కాడు. మామయ్యగారు రోడ్డు మధ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడిపోయారు. ఆగి ఎక్కించుకోవడానికి లేదు. ఆగితే ఇది మళ్ళీ కదలదు.

నా ముందు అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. ఎరుపు, పసుపు, ఒక్కటీ ఆరట్లేదు. స్టీరింగ్ రాయిలా బిగిసింది. ఏసీ వద్దు, హారన్ కూడా కొట్టకు అన్నాడు మా ఆయన. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, జరగండి జరగండని అరుస్తూనే ఉన్నాడు.

రైల్వే గేటు వేసి ఉంది.

ఆ కాసేపూ నేను బతికి లేను. గేరు తీసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టి కూర్చున్నాను. కాలు తీస్తే ఇంజిన్ చచ్చిపోతుంది. గూడ్సు. వస్తూనే ఉంది. చెల్లి నా సీటు వెనక పట్టుకుని మూలుగుతోంది. మధ్యమధ్య నడుస్తోందా బావా అని అడుగుతోంది. నడుస్తోందమ్మా అంటున్నాడు ఆయన. మళ్ళీ అడుగుతోంది. నడుస్తోంది తల్లీ, వింటున్నావుగా, నడుస్తోంది. ఆ గొంతు వింటూ నేనూ కాలు గట్టిగా తొక్కిపట్టాను. పిక్క కొంకర్లు పోయింది. గూడ్సు తోక కనిపించింది. గేటు లేచింది.

హాస్పిటల్ పోర్టికోలో చెల్లిని స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. వాచ్‌మన్ వచ్చి ఇంజిన్ ఆపి బండి తియ్యండని కసిరాడు. ఆపనన్నాను. ఆపితే మళ్ళీ అంటుకోదు, మళ్ళీ అంటుకోకపోతే ఎలా, ఆపనంటే ఆపనని ఏదేదో అరిచాను. చేరాక ఇంకెందుకో నాకే తెలియదు. నా సీట్లోకి మా ఆయన మారాడు, నేను లోపలికి పరుగెత్తాను.

తలుపు మూసేశారు. లోపల మాటలు వినిపిస్తున్నాయి. తర్వాత మాటలు ఆగిపోయాయి. గోడకి చెవి ఆనించి నిలబడ్డాను. ఏడు తల్లీ, ఏడు నాన్నా, ఎవరివైతేనేం, ఏడు అని గోడతో చెప్పాను.

ఏడ్చింది.

ఏడ్చింది, ఏడ్చింది, ఏడ్చింది. ఆడపిల్ల. బరువు కొంచెం తక్కువట, అంతా బాగానే ఉందట. కింద పడి మొక్కాను, నర్సు లేపింది. బయటికి పరుగెత్తి చెప్తే మా ఆయన ఇంకా యాక్సిలరేటర్ తొక్కిపట్టి కూర్చున్నాడు. విని కాలు తీశాడు. ఇంజిన్ ఆగిపోయింది. లైట్లన్నీ ఒకేసారి ఆరిపోయాయి. ఇద్దరం బండిలోనే కూర్చుని ఏడ్చాం.

మార్చి 11, బుధవారం

మామయ్యగారు ఫోన్ చేశారు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉందట. పాప ఏడుస్తోందా అని అడిగారు. ఏడుస్తోందన్నాను. వినిపించమన్నారు. నిద్రపోతోంది మరి, అరికాలు మెల్లగా గిల్లి వినిపించాను. ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

అప్పట్నుంచీ అదే పనైంది. పాప కళ్ళు మూసుకుని కాసేపు కదలకపోతే చెల్లి నాకేసి చూస్తుంది. ఒకసారి చూడవే అక్కా అంటుంది. గిల్లుతాను. కెవ్వుమంటుంది. ఇద్దరికీ ప్రాణం లేచొస్తుంది. కాసేపే.

సాయంత్రం నర్సు పట్టుకుంది. ఎవరమ్మా ఈ పిల్లని నిద్రపోనివ్వట్లేదు, బరువు తక్కువ పిల్ల, ఉన్న కాస్త ఓపికా ఏడవడానికే అయిపోతే పాలు ఎలా తాగుతుంది, ఇంకోసారి ముట్టుకున్నారంటే వేరే గదిలో పెట్టేస్తానని చడామడా తిట్టింది. చెల్లీ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

మార్చి 12, గురువారం, మధ్యాహ్నం

పాప నిద్రపోతోంది. చాలాసేపట్నుంచి నిద్రపోతోంది. చెల్లి కూడా నిద్రపోయింది, మొదటిసారి.

చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఇది రాయడానికి ఒకటి బయటికి తీశాను. మళ్ళీ పెట్టేస్తున్నాను.